ఒక గాడి దించితే చాలు

దించడం అనే మాటకి తెనాలిలో ఒక అర్థం, బాపట్లలో ఇంకో అర్థం ఉందని తెలిసేసరికి నా బండి పెనుమూడి వంతెన మీద మూడు ఆదివారాలు ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ సాయానికి మనుషులు వచ్చారు. అందుకు దేవునికి స్తోత్రం. వచ్చినవాళ్ళలో ఒక్కరికైనా ఏం చెయ్యాలో తెలిసుంటే ఇంకో స్తోత్రం కూడా చెల్లించేదాన్ని.

మాది రేపల్లె. నా బండి పుట్టుకతో మామూలు మోటారు సైకిలే. చిన్నప్పుడు జ్వరంలో చచ్చుబడిన నా కుడికాలు బ్రేకు తొక్కనంటుంది కాబట్టి ఆ బ్రేకుని చేతి దగ్గరికి తెప్పించాం. ఆగినప్పుడు ఒరిగిపోకుండా వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు వేయించాం. చేతికర్ర పెట్టుకోవడానికి పక్కన ఒక గొట్టం. ఈ పనంతా చేసింది తెనాలి మేస్త్రి. మా వీధిలో దాన్ని రథం అంటారు. ఎగతాళికంటున్నారా, గౌరవానికంటున్నారా అని నేనెప్పుడూ అడగలేదు. గౌరవానికే అనుకుని తొమ్మిదేళ్ళ నుంచి పొంగిపోతున్నాను.

బండి రాకముందు నన్ను మోసేవాళ్ళు. బడి మా ఇంటికి దూరమేమీ కాదు గానీ మధ్యలో కాలవ, కాలవ మీద తాటిపట్టె. ఒక ఏడాది పాటు అన్నయ్య నన్ను ఎత్తుకుని దాటించాడు. తర్వాత వాడు పెద్దబడికి వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళంతా కూర్చుని, ఆడపిల్ల చదువుకోసం రోజూ ఒక మనిషి తీరిక చేసుకోవడం కుదరదని తేల్చారు. అప్పుడు అమ్మ తన ట్రంకుపెట్టె తీసింది. అమ్మ టీచరు ట్రైనింగు పాసై, పెళ్ళివల్ల ఒక్కరోజు కూడా ఉద్యోగం చెయ్యని మనిషి. లోపల మిగిలిపోయిన పాఠాలన్నీ నా ఒక్కదాని మీదే ప్రయోగించింది. చిన్నచ్చు బైబిలు చదవడం, హార్మోనియం వాయించడం, లెక్కలు, అన్నిటికన్నా ఎక్కువగా వ్యాకరణం.

ఆ వ్యాకరణం మామూలుది కాదు. మాట్లాడే ప్రతి వాక్యంలోనూ కర్త ఎవరో, కర్మ ఏదో, క్రియ ఏంటో ఉండాలి. పని ఎవరు చెయ్యాలి, ఆ పని దేని మీద జరగాలి, జరగాల్సిందేంటి. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగుతుంటే "అమ్మా, దించు" అని అరిచాను. అమ్మ గుమ్మంలో నిలబడి "దేన్ని?" అంది. "పాలగిన్నెని" అన్నాక వచ్చి దించింది. పాలు సగం పొయ్యిలో కలిశాయి. వ్యాకరణం మాత్రం చుక్క కూడా ఒలకలేదు. ఇలాంటి చదువు ఎవరికి పనికొస్తుందని మా పెదనాన్న నవ్వేవాడు. ఆయన అనుమానం న్యాయమైందే. నలభై ఏళ్ళ దాకా అది దేనికీ పనికిరాలేదు.

హార్మోనియం పనికొచ్చింది. పెనుమూడి వంతెన దాటి కృష్ణ అవతలి ఒడ్డుకెళితే ఒక చిన్న ఊళ్ళో చిన్న గుడి ఉంది. పట్టుమని ముప్ఫైమంది రారు. అక్కడ హార్మోనియం వాయించే ఆయన కూతురి దగ్గరికి వెళ్ళిపోతే, అయ్యగారు, అంటే ఆ గుడి పాస్టరుగారు, నన్ను అడిగారు. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం నా బండి మీద నేనే వెళ్తున్నాను. బండి దిగి, కర్ర తీసుకుని, ఆ నాలుగు మెట్లూ నా అంతట నేనే ఎక్కుతాను. "హార్మోనియం అమ్మగారు వచ్చారు" అంటారు. మొదటి వారం ఒక పెద్దావిడ నా కాలు సంగతి అడిగింది, చెప్పాను, అయిపోయింది. రెండోసారి ఆ మాట ఎవరూ ఎత్తలేదు. రేపల్లెలో నేను ఫలానా వాళ్ళ కుంటి చెల్లెల్ని. వంతెనకి అవతల నేను ఆలస్యంగా వస్తే పాట ఆలస్యమయ్యే మనిషిని. రెండు కాళ్ళూ సరిగా ఉన్నవాళ్ళకి ఈ తేడా చెబితే అర్థం కాదు. లేనివాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఈ వేసవి చివర్లో బండి పాత కార్బురేటరు అరిగిపోయింది. తెనాలి తీసుకెళితే మేస్త్రి దాన్ని చూసి, పక్క చక్రాల బరువుకి ఈ చిన్నది ఎప్పుడూ సరిపోలేదని, ఇన్నాళ్ళు లాగడమే గొప్పని చెప్పి, ఇంకాస్త పెద్ద బండిది ఒకటి బిగించారు. కార్బురేటరు అంటే ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి వడ్డించే వంటగది అనుకోండి. అందులో ఒక కన్నం, ఆ కన్నంలో ఒక సన్నటి ఇత్తడి సూది వేలాడుతూ ఉంటుంది. మనం హ్యాండిల్ మీద వేగం పెంచే రేజు తిప్పితే సూది పైకి లేస్తుంది, కన్నం తెరుచుకుని పెట్రోలు వస్తుంది. ఆ సూది తల దగ్గర ఒకదాని కింద ఒకటి ఐదు గాళ్ళుంటాయి, చుట్టూ కోసిన సన్నటి గీతల్లా. గోరంత కూడా లేని ఒక క్లిప్పు వాటిలో ఏదో ఒక గాడిలో కూర్చుంటుంది. సూది ఎంత లోతున వేలాడాలనేది ఆ క్లిప్పు చేతుల్లో ఉంటుంది. సూది దిగితే పెట్రోలు తగ్గుతుంది, లేస్తే పెరుగుతుంది. అంతే సంగతి. ఇంత చిన్న సంగతిని ముగ్గురు మగవాళ్ళు మూడు వారాలు ఎలా నడిపారన్నదే నేను చెప్పబోయేది.

తెనాలి మేస్త్రి క్లిప్పుని నడిమి గాడిలో పెట్టి నన్ను పంపించారు. "పది రోజులు నడిపి చూడమ్మా. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇంతదూరం రానక్కర్లేదు. ఎవరిచేతైనా ఒక గాడి దించితే చాలు." ఆయన అన్నది అక్షరాలా ఇదే. నేనక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఆ వాక్యంలో ఏదో వెలితిగా ఉందని అప్పుడే అనిపించింది కూడా. కానీ ఆయన నాకు బండి చేసిపెట్టిన మనిషి. మేలు చేసినవాళ్ళని ప్రశ్నలు అడగడం నాకు చేతకాదు. నోరు తెరిస్తే కృతజ్ఞత ఎక్కడ తరిగిపోతుందోనని భయం. మూడు వారాల తిప్పల్లో నా వాటా ఈ మౌనమే. మిగతావాళ్ళని ఆడిపోసుకునే ముందు ఇది చెప్పుకోవాలి.

నల్లపొగ వచ్చింది. మొదటి ఆదివారం వంతెన ఎక్కుతుంటే బండి దగ్గి దగ్గి సగంలో నిలబడిపోయింది. నిజాంపట్నం నుంచి ఎండుచేపల మూటలతో వస్తున్న ఒకాయన మోపెడ్ ఆపి, నా పెట్రోలు ట్యాంకు మూత తీసి, ఒక కన్ను పెట్టి లోపలికి చూసి, "పెట్రోలుందమ్మా" అని శుభవార్త చెప్పాడు. అప్పుడే ఆగిన కారులోంచి ఇంకొకాయన దిగి, బండికేమైందని కాకుండా, మీతో ఎవరూ రాలేదా అని అడిగాడు. అందరూ ముందు అడిగేది అదే. నేను ఒంటరిగా వచ్చినందుకే బండి ఆగిపోయిందన్నట్టు చూస్తారు. ఇంజను చల్లారాక నత్తలా పాక్కుంటూ వెళ్ళి మొదటి పాట అయ్యాక చేరాను.

ఇంటికొచ్చి అన్నయ్యతో చెప్పాను. అన్నయ్యా వదినా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. వాడు రోజూ బాపట్ల వెళ్ళి ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాడు. ప్రతి పనికీ వాడి దగ్గర బాపట్లలో ఒక మనిషి ఉంటాడు. పళ్ళకి ఒకడు, పట్టాదారు పాసుపుస్తకాలకి ఒకడు, స్కూటర్లకి ఒకడు. ఆ స్కూటర్ల మనిషి దగ్గరికే వెళ్దామన్నాడు. సోమవారం నేను బండి నెమ్మదిగా నడుపుకుంటూ, వాడు వెనక హారన్ కొట్టుకుంటూ బాపట్ల చేరాం. నేల చదునుగా ఉన్నంతసేపు బండికి రోగమేమీ ఉండదు. ఈ విషయంలో అది మా చుట్టాల్లో చాలామందికన్నా మెరుగు కాదు, తక్కువా కాదు.

బాపట్ల మేస్త్రి చిన్నవాడు, మంచివాడు, చేతులు చకచకా కదులుతాయి. "తెనాలి ఆయన ఒక గాడి దించమన్నారు" అని అన్నయ్య చెప్పాడు. ఆయన విప్పాడు, దించాడు, బిగించాడు. రెండో ఆదివారం బండి వంతెన మొదట్లోనే ఆగిపోయింది. పొగ ఎంత వచ్చిందంటే, ఆగిన ఒకావిడ నన్ను పలకరించకుండా ముందు కొంగుతో ముక్కు మూసుకుంది. అన్నయ్యకి ఫోన్ చేస్తే వచ్చి, తన స్కూటరు మీద నన్ను గుడి దగ్గర దింపాడు. దింపి ఊరుకోలేదు. అక్కడే రావిచెట్టు నీడన నిలబడి, అయ్యగారు ఆశీర్వాదం ఇవ్వబోతుండగా హారన్ కొట్టాడు. అయ్యగారు కళ్ళు మూసుకునే కొంచెం వేగం పెంచారు.

ఆ మధ్యాహ్నం అన్నయ్య తెనాలికి ఫోన్ చేశాడు. క్లిప్పు ఎన్నో గాడిలో ఉందో కనుక్కోమన్నారు తెనాలి మేస్త్రి. అన్నయ్య బాపట్లకి ఫోన్ చేశాడు. రెండో గాడిలో ఉందన్నాడు బాపట్ల మేస్త్రి. ఆ మాట తెనాలికి మోస్తే, అయితే సరిగ్గానే ఉంది, ఇంకొక్క గాడి దించి చూడమన్నారు. బాపట్లలో ఇంకొక్క గాడి దిగింది. ఇప్పుడు ఒకటో గాడిలో ఉందన్న కబురు తెనాలి చేరింది. మూడో ఆదివారం బండి వంతెన చివరికంటా వెళ్ళలేదు సరికదా, వెనక్కి తిప్పుకుని రావడమే గగనమైంది. ఆ రోజు గుడికి చేరలేదు. వాళ్ళు హార్మోనియం లేకుండానే పాడుకున్నారట. బాగానే పాడారట. ఈ సంగతి అన్నయ్య నాకు ఆ సాయంత్రంలోపు మూడుసార్లు చెప్పాడు.

నాలుగోసారి అన్నం తింటూ చెప్పాడు, ఈసారి తోకతో సహా.

"ఆ బండి ఇంక వద్దులే. పొన్నూరాయన ఒకరు అడుగుతున్నారు, వాళ్ళ బాబాయికి కావాలట. వచ్చే సోమవారం వస్తారు. నీకేం, ప్రతి ఆదివారం నేను దింపుతాగా."

వదిన నా వైపు చూడకుండా పప్పు వడ్డించింది. నేను కంచంలోకి చూస్తూ ఆ మాటనే నములుతున్నాను. దింపుతాను. వినడానికి ఎంత ప్రేమగా ఉంటుందో. మనిషిని ఎత్తుకున్నవాళ్ళకే దించే హక్కుంటుంది. ఎక్కడ దించాలో, ఎప్పుడు దించాలో, దించాక ఎంతసేపట్లో మళ్ళీ ఎత్తుకోవాలో వాళ్ళే చూసుకుంటారు. కాలవ దాటించిన ఆ ఏడాది అన్నయ్య బడి గంటకి ముందు నన్ను దించిన రోజులు తక్కువ. దారిలో గోళీలాట ఉంటే నన్ను అరుగు మీద దించి ఆడుకుని వచ్చేవాడు. అయినా వాడు మోశాడు, నేను మర్చిపోలేదు, రోజూ ప్రార్థనలో వాడి పేరు మొదట వస్తుంది. ఆ సంగతి వాడికీ తెలుసు. అదే నా తలనొప్పి. నా కృతజ్ఞత మీద మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. మంచం కన్నా ఎక్కువగా దాని మీదే కూర్చుంటారు.

వచ్చే ఆదివారం బండి వంతెన ఎక్కితే అమ్మొద్దని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, సరే, ఎక్కితే నీ బండి నీదే అన్నాడు. నా బండి నాది కావడానికి వంతెన ఎక్కి చూపించాలన్నమాట. అయినా ఒక వారం దొరికింది. స్తోత్రం చెప్పుకున్నాను.

ఈలోగా తెనాలి మేస్త్రి తన తీర్పు చెప్పారు. ఒకటో గాడికి వచ్చినా పొగ పోలేదంటే తప్పు గాడిది కాదు, సూదే తప్పు, కన్నాన్ని ఇంకాస్త మూసే లావు సూది కావాలి. ఆయనకి ఈపురుపాలెంలో అత్తగారిల్లు. శనివారం అక్కడ ఏదో శుభకార్యానికి వెళ్తూ దారిలో బాపట్లలో దిగి, ఆ సూది ఇచ్చి పోతానన్నారు.

శనివారం పొద్దున్నే బాపట్ల షెడ్డు దగ్గర ముగ్గురూ కలిశారు. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి టీ ఇచ్చి, మర్చిపోయారు. తెనాలి మేస్త్రి మల్లెపువ్వులాంటి తెల్ల చొక్కాలో వచ్చారు. చొక్కా జేబులో పెన్ను, ఆ పెన్ను క్యాపులో సూది. అత్తగారింటికి వెళ్ళే చొక్కా కాబట్టి బండిని ముట్టుకోరు. ఆయన నోటితో చెబుతారు, బాపట్ల మేస్త్రి చేతులతో చేస్తాడు, అన్నయ్య ఇద్దరి మధ్యా తల ఊపుతాడు. ఇంతకుముందు ఫోన్లో జరిగిందే ఇప్పుడు ఎదురెదురుగా జరగబోతోందన్నమాట.

ముందు సూదుల్ని పోల్చాలన్నారు. పాత దినపత్రిక పరిచి దాని మీద మూడు పెట్టారు. బండిలోంచి తీసింది ఒకటి, పెన్ను క్యాపులోంచి వచ్చింది ఒకటి, బాపట్ల మేస్త్రి తన మేకుల డబ్బాలో వెతికి తీసింది ఒకటి. పెళ్ళిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడరు. తెనాలి మేస్త్రి ఒకదాన్ని ఎండకి ఎత్తిపట్టి, ఇది లావు, చూస్తేనే తెలుస్తోంది అన్నారు. బాపట్ల మేస్త్రి దాన్నే రెండు వేళ్ళ మధ్య దొర్లించి, సన్నమండి, వేళ్ళకి తెలుస్తోంది అన్నాడు. అన్నయ్య ఆఫీసు స్కేలు తెచ్చుకున్నాడు. దాంతో కొలిచి రెంటికీ అర మిల్లీమీటరు తేడా ఉందని ప్రకటించాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఒకదాన్ని సున్నా గీత దగ్గర్నుంచి కొలిచాడు, రెండోదాన్ని స్కేలు అంచు దగ్గర్నుంచి. ఆ అర మిల్లీమీటరు మీద ఒక గంట చర్చ నడిచింది. పొడుగు సూదికి పెట్రోలు తగ్గుతుందని ఒకరు, పొడుక్కీ దానికీ సంబంధం లేదు, మొన దగ్గర సన్నబడే తీరులోనే అంతా ఉందని ఒకరు. రెండో మాట నిజమేనని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు దాన్ని అన్నది ఎవరో వాళ్ళకే గుర్తులేదు. మధ్యలో పక్కలు మార్చుకున్నారు.

అప్పుడు ఫ్యాను గాలికి పత్రిక లేచింది. మూడు సూదులూ దొర్లి ఒకచోట చేరాయి.

ముగ్గురూ వాటినే చూస్తున్నారు. ఏది ఎవరిదో ఒక్కరికీ తెలియడం లేదు. తెలియడం లేదని అనడానికి ఒక్కరికీ నోరు రావడం లేదు. "ఇదే నాది" అని తెనాలి మేస్త్రి ఒకదాన్ని తీశారు. "అది డబ్బాలోదండి" అన్నాడు బాపట్ల మేస్త్రి, అంతే నమ్మకంగా.

నేను టీ గ్లాసు కింద పెట్టి, ఇలా ఇవ్వండి అన్నాను. నాది దగ్గరచూపు. కళ్ళద్దాలు తీసేసి ముక్కు దగ్గర పెట్టుకుంటే చీమ కాళ్ళు లెక్కపెట్టగలను. చిన్నచ్చు బైబిలు మీద పెరిగిన కళ్ళు. ప్రతి సూది తల పక్కనా ఒక అక్షరం, రెండు అంకెలు చెక్కి ఉన్నాయి. చదివాను. ఒకదాని మీద వేరే అక్షరం ఉంది, అది డబ్బాలోది. మిగతా రెండిటి మీదా అదే అక్షరం, అవే అంకెలు. ఒకదానికి మసి పట్టింది, ఒకదానికి పట్టలేదు. అంటే తెనాలి నుంచి పెన్ను క్యాపులో వచ్చిన లావు సూదీ, మూడు వారాలుగా నా బండిలో ఉన్న సన్న సూదీ ఒకటే. గంటసేపు కవలపిల్లల్లో ఎవరు లావని కొట్టుకున్నారు.

ఈ మాట మెత్తగానే చెప్పాను.  తెనాలి మేస్త్రి మసి పట్టని సూదిని మళ్ళీ పెన్ను క్యాపులో పెట్టుకుని, సూదులు ఒకటే అయితే దించడమే సరిగ్గా జరిగి ఉండదన్నారు. బాపట్ల మేస్త్రికి రోషం వచ్చింది. చెప్పినట్టే రెండుసార్లు దించానని, ఒకటో గాడిలో ఉందని, ఇంకా దించాలంటే పాతాళానికే దించాలని అన్నాడు. అన్నయ్య గడియారం చూసుకుని, పొన్నూరాయనకి ఫోన్ చేసి సోమవారం కాకుండా ఆదివారమే రమ్మందామా అని నన్ను అడగకుండా గాలిని అడిగాడు.

బాపట్ల మేస్త్రి నా మీద జాలిపడ్డాడు. "అంతా ఈ బండి కర్మ అక్కగారూ" అన్నాడు.

మా ఇంట్లో కర్మని నమ్మం, వ్యాకరణంలో తప్ప. పాలగిన్నె గుర్తొచ్చింది. మొదటి రోజు తెనాలిలో వెలితిగా అనిపించింది ఏంటో అప్పటికి తెలిసింది.

"కర్మ లేకపోవడమే తమ్ముడూ ఇబ్బంది" అన్నాను. "ఒక గాడి దించమన్నారు తెనాలి బాబాయిగారు. దేన్ని దించమన్నారు?"

"దేన్నేంటమ్మా? సూదిని. దించడానికి అక్కడ ఇంకేముంది?" అన్నారు తెనాలి మేస్త్రి.

"సూదినా?" అన్నాడు బాపట్ల మేస్త్రి. "చేత్తో జరిపేది క్లిప్పు కదండీ. నేను క్లిప్పు దించాను."

అన్నయ్యకి ఇంకా అర్థం కాలేదు. రెండూ ఒకటేగా, ఏది దించితే ఏంటి అన్నాడు. వాడికి వాడి భాషలోనే చెప్పాను. చిన్నప్పుడు నన్ను చంకల కింద చేతులు వేసి ఎత్తితే నా కాళ్ళు నేలకి రాసుకునేవి. నడుం దగ్గర పట్టుకుని ఎత్తితే నా తల గుమ్మానికి తగిలేది. నీ చేతులు ఉన్న ఎత్తు మారలేదు, పట్టు కిందికి దిగేకొద్దీ నేను పైకి లేచాను. క్లిప్పు నీ చేతులు, సూది నేను. క్లిప్పు దించితే సూది లేస్తుంది. సూది లేస్తే పెట్రోలు పెరుగుతుంది. మూడు వారాలుగా మీరు దించుతున్నకొద్దీ అది లేస్తూనే ఉంది.

అన్నయ్య తన రెండు చేతులూ చూసుకున్నాడు. గుమ్మానికి తగిలిన తల వాడికీ గుర్తుంది.

మరి ఒకటో గాడి అని చెప్పావేంటయ్యా అని తెనాలి మేస్త్రి నిలదీశారు. ఒకటోదేనండి, కింద నుంచి అన్నాడు బాపట్ల మేస్త్రి. ఎక్కడైనా మెట్లు కింద నుంచే కదండీ లెక్కపెడతాం. మరి పుస్తకంలో లైన్లు కూడా కింద నుంచే చదువుతావా అన్నారు ఈయన. ఈయన ఒకటి అంటే పైనుంచి ఒకటి, ఆయన ఒకటి అంటే కింద నుంచి ఒకటి. తప్పు మీద తప్పు పడి, ఫోన్లో వింటే అంతా సరిగ్గా ఉన్నట్టే వినపడింది. చివరికి ఇద్దరూ కలిసి, మధ్యలో మాటలు మోసిన అన్నయ్యదే తప్పని తేల్చారు. మూడు వారాల్లో వాళ్ళిద్దరూ ఏకీభవించింది ఆ ఒక్క సంగతి మీదే.

బాపట్ల మేస్త్రి క్లిప్పు ఊడదీసి, తలవైపు నుంచి రెండో గాడిలో పెట్టి, ఇదేనా అని నాకు చూపించాడు. ఈసారి వాళ్ళిద్దరినీ కాదు, నన్ను అడిగాడు. సూదిని దించావు, సరిపోయిందన్నాను. తెనాలి మేస్త్రి తెల్ల చొక్కా మీద ఎక్కణ్ణించో ఒక నల్లటి వేలిముద్ర పడింది. అత్తగారింట్లో ఏం చెప్పుకున్నారో తెలియదు. ఆయన క్షేమం కోసం ఆ రాత్రి మర్చిపోకుండా ప్రార్థన చేశాను, ఎంతైనా బండి చేసిపెట్టిన మనిషి.

ఆదివారం వంతెన ఎక్కాను. చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు. దగ్గు లేదు, పొగ లేదు, సాయానికి ఎవరూ ఆగలేదు. మీతో ఎవరూ రాలేదా అని అడిగే అవకాశం ఎవరికీ దొరకలేదు. కృష్ణ మీద ఎండ పడుతోంది. నడిమధ్యన బండి ఆపి చూడాలనిపించింది గానీ, నేను ఆగితే బండి ఆగిందనుకుంటారని ఆగలేదు. పాటకి ముందే చేరాను. పోయిన వారం బాగా పాడారటగా అని అడిగితే, ఎవరన్నారమ్మా, ఒకరు ఎత్తుకున్న శ్రుతి ఒకరికి అందక మూడో చరణంలో మానేశాం అన్నారు అయ్యగారు. ఆ రోజు ఆశీర్వాదం ఆయన నిదానంగా, పూర్తిగా ఇచ్చారు.

సోమవారం పొద్దున్నే పొన్నూరాయన వచ్చాడు. అన్నయ్య ఆయన్ని వరండాలో కూర్చోబెట్టాడు. బండి వంతెన ఎక్కిన సంగతి వాడికి తెలుసు, ఇచ్చిన మాటా గుర్తుంది. కానీ ఇంటికొచ్చిన మనిషికి కాదని చెప్పడం వాడికి రాదు. అందుకని "చూద్దామండి. ఇంకో నెల పోనిచ్చి చెబుతాం. ఇస్తాంలెండి" అంటున్నాడు.

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఎవరు చూస్తారు? దేన్ని చూస్తారు? ఎవరు ఇస్తారు? మూడు వాక్యాల్లో ఒక్క కర్తా లేదు, ఒక్క కర్మా లేదు. నెల తిరిగేసరికి ఆ ఖాళీల్లో ఎవరు ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. తెనాలిలో విని ఊరుకున్నందుకు మూడు వారాల తిప్పలు పడ్డాను.

కర్ర పట్టుకుని వరండాలోకి వచ్చి, పొన్నూరాయనకి నమస్కారం పెట్టి, చెప్పాను.

"నేను నా బండిని అమ్మనండి."

ఆయన అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య నేల వైపు చూశాడు. ఆయన నొచ్చుకోలేదు. టీ తాగి, ఇలాంటి బండి ఎవరు చేస్తారో చెప్పమంటే తెనాలి మేస్త్రి సంగతి చెప్పాను. ఆయన చెప్పే ప్రతి మాటకీ దేన్ని అని అడగమని కూడా చెప్పాను. ఎందుకని అడిగితే, వెళ్ళాక మీకే తెలుస్తుందన్నాను.

ఆయన వెళ్ళాక అన్నయ్య అన్నాడు, "ఇచ్చిన మాట తప్పేవాడినా నేను? ఇంటికొచ్చిన మనిషి ముందు అంత గట్టిగా చెప్పాలా?"

"గట్టిగా చెప్పలేదు అన్నయ్యా. పూర్తిగా చెప్పాను" అన్నాను.